హైడ్రోజన్‌కి వంతపాట

రైలింజన్లో ఏ మాటైనా ఒక్కసారి అంటే చెల్లదు. లోకో పైలట్ ముందున్న సిగ్నలు వైపు వేలు చూపించి "డిస్టెంట్, డబుల్ ఎల్లో" అంటాడు. పక్క సీట్లోని అసిస్టెంటు తన కళ్ళతో తానూ చూసి, తన వేలూ చూపించి, "డిస్టెంట్, డబుల్ ఎల్లో" అనాలి. చిలకలా అప్పజెప్పడం కాదు, చూసి చెప్పడం. చూడకుండా వంత పాడేవాడు ఏదో ఒక రోజు కొంప ముంచుతాడు. హరికిరణ్ టాటానగర్‌లో పదకొండేళ్ళుగా అసిస్టెంటు. ఆ అలవాటు అతని ఒంటికి ఎంత గట్టిగా పట్టిందంటే, ఇంట్లోవాళ్ళకి నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. వాళ్ళమ్మ వరహాలమ్మ పెరట్లోంచి "పాలు పొంగిపోతన్నాయిరా" అని కేకేస్తే, ఇతను మంచం మీంచి లేచి, వంటింటి గుమ్మం దాకా నడిచొచ్చి, గిన్నె వైపు వేలు చూపించి "పాలు పొంగిపోతన్నాయి" అనేవాడు. స్టవ్వు మాత్రం ఆర్పేవాడు కాదు. అది లోకో పైలట్ పని.

అలాంటివాడికి మనోజ్ఞని ఇచ్చి చేశారు. చేశారంటే ఎవరో బలవంతం చేశారని కాదు. ఆమె అతని మేనమామ కూతురు. టాటానగర్ పక్కనే ఉన్న పర్సుడీహ్‌లో ఒకే వీధిలో పెరిగి, నడక వచ్చిన దగ్గర్నుంచి "బావా, బావా" అంటూ వెనకాల తిరిగిన పిల్ల. పెళ్ళికి ముందు ఆమె పెట్టిన షరతు ఒక్కటే, పీహెచ్‌డీ మానిపించకూడదని. "పీహెచ్‌డీ మానిపించకూడదు" అని హరికిరణ్ వెంటనే తిరిగి చెప్పాడు. అది ఒప్పుకోవడమో, అలవాటో ఆ రోజు ఎవరికీ అర్థం కాలేదు కానీ, మాట మాత్రం నిలబెట్టుకున్నాడు.

ఆమె చదువు గ్రహాల గురించి. గ్రహాలంటే జాతకంలో ఇళ్ళు మారేవి కాదు, ఆ సంగతి వరహాలమ్మకి నచ్చజెప్పడానికే ఏడాది పట్టింది. రాతి గ్రహాల నెత్తి మీద, గాలి పలచబడి పలచబడి ఇక ఏమీ లేదనుకునే చోట, హైడ్రోజన్ ఉంటుంది. నీటి ఆవిరి పైకెక్కుతుంది, ఎండ దాన్ని ముక్కలు చేస్తుంది, ఆ ముక్కల్లో అన్నిటికన్నా తేలికైంది హైడ్రోజన్ కనుక అన్నిటికన్నా వేగంగా అదే పరిగెడుతుంది. పరిగెత్తినదాంట్లో కొంత గ్రహం లాగితే వెనక్కొస్తుంది, కొంత ఇక రాదు. అంగారకుడి మీద ఒకప్పుడున్న నీళ్ళు చాలా మట్టుకు ఇలాగే చెయ్యిజారిపోయాయి. అక్కడ ధూళి తుఫానులు రేగిన కాలంలో ఈ పారిపోవడం ఎందుకు ఎక్కువవుతుందో లెక్కగట్టడం మనోజ్ఞ పని. ఆరేళ్ళు కట్టింది. రెండు వందల పేజీలు రాసింది. రాయడం వరకు ఆమెకి తిరుగులేదు.

మాట దగ్గరే వచ్చింది చిక్కు. బావ ముందు, అత్త ముందు వసపిట్ట. ముగ్గురు పెద్దమనుషుల ముందు నిలబెడితే నోట్లో నాలుక లేదు. రాంచీలో సిద్ధాంత గ్రంథం ఇచ్చే ముందు ఒక సెమినార్ ఉంటుంది. అందులో మొదటి స్లైడు చూపించి, నాలుగు నిమిషాల పాటు ఆ స్లైడునే చూస్తూ నిలబడిపోయింది. ఆ నాలుగు నిమిషాలు ఆమె గైడు భానుప్రకాష్ గారు మంచినీళ్ళు తాగుతూనే ఉన్నారట. ఆమె ఇంటికొచ్చి అన్నం మానేసి పడుకుంది.

మందు దొరికింది వంటింట్లో. ఒక ఆదివారం మనోజ్ఞ పెసరట్లు పోస్తూ తనలో తను గొణుక్కుంటోంది.

"అంగారకుడి చుట్టూ హైడ్రోజన్ మేఘం ఉంది" అంది.

పీట మీద కూర్చుని అల్లం చట్నీ కోసం ఎదురుచూస్తున్న హరికిరణ్ తల ఎత్తకుండానే "అంగారకుడి చుట్టూ హైడ్రోజన్ మేఘం ఉంది" అన్నాడు.

"అది కంటికి కనిపించదు."

"అది కంటికి కనిపించదు."

"లైమన్ ఆల్ఫా అనే వెలుగులో చూస్తేనే కనిపిస్తుంది. నూట ఇరవై ఒకటి పాయింట్ ఆరు నానోమీటర్లు."

అక్కడ హరికిరణ్ ఆగాడు. "ఇందాకటివి అలవాటు కొద్దీ అనేశాను. ఈ అంకె నేను చూళ్ళేదే. చూడంది ఎలా చెప్తాను?" అన్నాడు. ఆమె అట్లకాడ పక్కన పడేసి, గ్రంథం తెచ్చి, ఆ బొమ్మ ఉన్న పేజీ తీసి చూపించింది. అతను వేలు పెట్టి, అడ్డగీత మీది అంకె చూసుకుని, అప్పుడన్నాడు, "లైమన్ ఆల్ఫా. నూట ఇరవై ఒకటి పాయింట్ ఆరు." ఆమె అలా నలభై నిమిషాలు ఆపకుండా మాట్లాడింది. పెసరట్టు పెనం మీదే బొగ్గయింది. ఇద్దరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని పిచ్చివాళ్ళలా నవ్వారు.

ఆ తర్వాత నెలరోజులు ఇంట్లో ఇదే బండి నడిచింది. చక్రధర్‌పూర్ నుంచి గూడ్సు దిగి వచ్చి, స్నానం చేసి, అతను ముందు వేలు సిద్ధం చేసుకునేవాడు. ఆమె స్లైడుకో మాట అంటే అతను చూసి మాటకో మాట అనేవాడు. చూడనిదేదీ అననన్నాడు కనుక రెండు వందల పేజీలూ చూడాల్సి వచ్చింది. ఇంటరు దాకా చదివి ఐటీఐ చేసినవాడు, డ్యూటీరియం అంటే బరువైన హైడ్రోజన్ అని, శుక్రుడి మీద దాని నిష్పత్తి మన భూమ్మీద కన్నా నూట ఇరవై రెట్లని, మార్కెట్లో వంకాయల ధర చెప్పినంత తేలిగ్గా చెప్పేవాడు. వరహాలమ్మ ముక్కు మీద వేలేసుకుంది. "ఓలమ్మ, మా యెదవకి పదోక్లాసులో సైన్సు తప్పిందే!" అని పక్క క్వార్టరు రిటైర్డు గార్డు అసిరయ్యతో చెప్పుకుని మురిసిపోయింది.

ఆఖరి నోటి పరీక్ష, వైవా రోజు రానే వచ్చింది, దాంతోపాటు బంద్ కూడా వచ్చింది. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, ఎవరిదో కోపం వచ్చి మనోజ్ఞ మీద పడింది. రాంచీ రోడ్డు మీద బస్సు లేదు, టాక్సీ లేదు, పట్టాల మీద జనం కూర్చోవడంతో రైలూ లేదు. వాయిదా వేద్దామంటే ఆమె రిజిస్ట్రేషన్ గడువు ఆ నెలాఖరుతో సరి. ఇప్పటికే రెండుసార్లు పొడిగించారు, మూడోసారి పొడిగించే రూలే లేదు. పరీక్షించే ప్రొఫెసర్ గీతాంజలి గారు మర్నాడు విదేశం వెళ్ళిపోతున్నారు. అంటే ఈ రోజు కాకపోతే ఆరేళ్ళూ గంగలో కలిసినట్టే. భానుప్రకాష్ గారు కాళ్ళావేళ్ళా పడి, వీడియోలో జరిపేందుకు అనుమతి తెచ్చారు. పదకొండు గంటలకి, ఇంటి నుంచే.

ఇక ఆ క్వార్టర్లో హడావుడి చూడాలి. ముందు గదిలో ఇస్త్రీ బల్ల మీద లాప్‌టాప్ పెట్టారు. చప్పుడవుతుందని ఫ్యాను ఆపేశారు. కుక్కరు కూత పెడితే ఊరుకోనని కోడలు అనకముందే వరహాలమ్మ కుక్కర్ని తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో దాచింది. అసిరయ్య తన పాత ఎర్రజెండా, పచ్చజెండా వెతికి తీసి గేటు దగ్గర నిలబడ్డాడు. తోపుడుబండి మీద జామకాయలు అమ్మేవాడు "అమ్రూద్" అని నోరు తెరిచాడో లేదో ఎర్రజెండా విప్పాడు. ముప్పై ఆరేళ్ళు గార్డుగా చేసిన మనిషి జెండా విప్పితే గూడ్సు బండ్లే ఆగాయి, జామకాయల బండి ఎంత! అతను నిజంగానే ఆగిపోయి, ఏమైందో తెలీక చెట్టు నీడన నిలబడ్డాడు.

"బావా, నువ్వు ఎక్కడుంటావు?" అంది మనోజ్ఞ.

"ఈ బల్ల వెనకాలే, కింద కూర్చుంటా. కెమెరాకి కనపడను. నీకు కనపడతాను."

"గొంతు రాకూడదు. పెదాలు మాత్రమే. పక్కా?"

"గొంతు రాకూడదు, పెదాలు మాత్రమే. పక్కా."

తప్పు కదా అంటారేమో, తప్పేం కాదనుకున్నారు వాళ్ళు. వైవా అంటే బహిరంగ సభ లాంటిది, ఎవరైనా వచ్చి వినొచ్చని నోటీసులోనే రాశారు. వినేవాళ్ళు నోరు తెరవకూడదంతే. నోరు తెరవకుండా ఉండటం ఏ పాటి పని అనుకున్నాడు హరికిరణ్. మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని పదకొండేళ్ళలో ఒక్కరోజైనా ఉండి చూస్తే తెలిసేది.

తెర మీద రెండు మొహాలు వచ్చాయి. భానుప్రకాష్ గారి పక్కన అప్పుడే మంచినీళ్ళ సీసా ఉంది. రెండో మొహం గీతాంజలి గారిది. తెల్లజుట్టు, నల్ల ఫ్రేము కళ్ళద్దాలు, మూడు గ్రంథాలు తిరగ్గొట్టారని పేరు. ఆవిడ నవ్వగా చూసినవాళ్ళు లేరని రాంచీలో చెప్పుకుంటారు. మాటలన్నీ ఇంగ్లీషులోనే సాగాయి, మనం మాత్రం తెలుగులోనే విందాం.

"మొదలుపెట్టండి" అన్నారావిడ.

మనోజ్ఞ మొదటి స్లైడు చూసింది. చూస్తూనే ఉంది. హరికిరణ్ కింద నుంచి మెల్లగా వేలు పైకెత్తాడు. ఆ వేలు చూసి ఆమె కూడా వేలెత్తింది.

"అంగారకుడి చుట్టూ హైడ్రోజన్ మేఘం ఉంది" అంది.

హరికిరణ్ పెదాలు కదిపాడు. ఆమె రెండో మాట అంది, మూడో మాట అంది, బండి కదిలింది. స్టేషను దాటిన ఎక్స్‌ప్రెస్‌లా వేగం అందుకుంది. ఆమె కళ్ళు మెరిసిపోతున్నాయి, చెయ్యి గాల్లో తిరుగుతోంది. చూస్తున్నకొద్దీ హరికిరణ్‌కి ఒళ్ళు తెలీని సంతోషం వచ్చేసింది. నా మనోజ్ఞే, నా మేనమామ కూతురే, చూడండి ఎలా చెప్తోందో అని అరవాలనిపించింది. సరిగ్గా అప్పుడే ఆమె వేలు చూపించి, "లైమన్ ఆల్ఫా! నూట ఇరవై ఒకటి పాయింట్ ఆరు!" అంది.

"లైమన్ ఆల్ఫా! నూట ఇరవై ఒకటి పాయింట్ ఆరు!" అంది బల్ల కింద నుంచి ఒక గొంతు, ఇంజన్ చప్పుడు మీద వినపడేంత గట్టిగా.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఇది పర్సుడీహ్ దాటి రాంచీ చేరింది. భానుప్రకాష్ గారు సీసా అందుకున్నారు.

"మీ దగ్గర ప్రతిధ్వని వస్తోంది" అన్నారు గీతాంజలి గారు, కనుబొమలు ముడిచి. "విచిత్రంగా ఉంది. మీ గొంతు కన్నా లావుగా వస్తోంది."

"చిన్న గది మేడమ్" అంది మనోజ్ఞ. అబద్ధం కాదు, చిన్న గదే. హరికిరణ్ రెండు చేతులూ నోట్లో కుక్కుకున్నాడు. కానీ ఒకసారి తెరిచిన గొంతు మూతపడాలి కదా! ఆమె "ధూళి తుఫాను కాలం" అంటే వేళ్ళ సందుల్లోంచి "ధూళి తుఫాను కాలం" అని మూలిగింది. "పారిపోయే వేగం" అంటే "పారిపోయే వేగం" అని గుడగుడలాడింది. గీతాంజలి గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

పావుగంట గడిచింది. మనోజ్ఞ శుక్రుడి దగ్గరకొచ్చింది. తొందరలో ఉంది, చెమట కళ్ళలోకి కారుతోంది. "శుక్రుడి మీద డ్యూటీరియం నిష్పత్తి మన భూమి కన్నా పన్నెండు రెట్లు" అంది.

బల్ల కింద నిశ్శబ్దం.

హరికిరణ్ చేతులు నోటి మీద లేవు. నోరు తెరుచుకునే ఉంది. మాట మాత్రం రాలేదు. తొంభై నాలుగో పేజీలో తను చూసింది పన్నెండు కాదు. చూడనిది ఎలా అంటాడు? ప్రాణం పోయినా అనడు. ఆ నిశ్శబ్దం మనోజ్ఞ చెవిలో కేక పెట్టినట్టయింది. మాట ఆపి, తెర వైపు తిరిగి, తన స్లైడే మళ్ళీ చూసుకుంది.

"క్షమించాలి. నూట ఇరవై రెట్లు" అంది.

"నూట ఇరవై రెట్లు!" అంది బల్ల, హాయిగా ఊపిరి పీల్చుకుని.

గీతాంజలి గారు పెన్ను కింద పెట్టారు. "ఏమ్మా, నలభై ఏళ్ళుగా ఫిజిక్సు చెప్తున్నాను. సరైన జవాబులకు మాత్రమే పలికే ప్రతిధ్వనిని ఇప్పటి దాకా చూడలేదు. ఒకసారి చూపిస్తారా?"

ఇక దాగి లాభం లేదు. మనోజ్ఞ లాప్‌టాప్ అటు తిప్పింది. బల్ల వెనక నుంచి హరికిరణ్ లేచాడు. ఎందుకైనా మంచిదని పైన యూనిఫాం చొక్కా వేసుకున్నాడు. కింద గళ్ళ లుంగీ. పూర్తిగా లేచాక గానీ లుంగీ సంగతి గుర్తు రాలేదు, గుర్తొచ్చి సగం కూర్చున్నాడు. భానుప్రకాష్ గారి మొహం తెర మీంచి మాయమైంది, బహుశా బల్ల మీద తలపెట్టుకున్నారు.

"ఎవరు మీరు?"

"అసిస్టెంట్ లోకో పైలట్, హరికిరణ్. మేడమ్ గారి హస్బెండ్‌ని" అన్నాడు హిందీలో, సెల్యూట్ కొట్టబోయి ఆగి.

"అభ్యర్థికి జవాబులు అందించడం నేరమని తెలుసా?"

"అందించలేదు మేడమ్" అన్నాడు హరికిరణ్. భయంలో కూడా అతనికి రోషం వచ్చింది. "ముందు చెప్తే అందించినట్టు. నేను తర్వాత చెప్పాను. ముందు చెప్పడం నా డ్యూటీ కాదు."

"మరి పన్నెండు అన్నప్పుడు ఎందుకు చెప్పలేదు?"

"అది నేను చూడలేదు కదా మేడమ్. నూట ఇరవై చూశాను. తొంభై నాలుగో పేజీ, కింది గ్రాఫు."

గీతాంజలి గారు ఎదురుగా ఉన్న గ్రంథంలో తొంభై నాలుగో పేజీ తీశారు. చూశారు. "ఆ నూట ఇరవై అంటే ఏమిటో తెలుసా, అంకె మాత్రమే తెలుసా?" అని అడిగారు. గొంతులో ఇప్పుడు కోపం కన్నా ఆరా ఎక్కువ ఉంది.

హరికిరణ్ మనోజ్ఞ వైపు చూశాడు. ఆమె నేలకేసి చూస్తోంది. "టాటానగర్‌లో జనరల్ బోగీ ఆగకముందే కుర్రాళ్ళు దూకేస్తారు మేడమ్. ఖాళీ చేతులవాడు దూకుతాడు. ట్రంకుపెట్టె ఉన్నవాడు దూకలేక బోగీలోనే ఉండిపోతాడు. మామూలు హైడ్రోజన్ ఖాళీ చేతులవాడు. డ్యూటీరియం ట్రంకుపెట్టెవాడు. చివర్లో బోగీలోకి తొంగిచూస్తే అందరి దగ్గరా పెట్టెలే ఉన్నాయనుకోండి, దూకేసినవాళ్ళు ఎంతమందో లెక్క తెలిసిపోతుంది. శుక్రుడి నీళ్ళన్నీ అలా దూకేశాయి."

అప్పుడు గీతాంజలి గారు నవ్వారు. మామూలుగా కాదు, కళ్ళద్దాలు జారిపోయేలా నవ్వారు. భానుప్రకాష్ గారు తల పైకెత్తి ఆ వింత కళ్ళారా చూసి మళ్ళీ దించేసుకున్నారు.

కానీ నవ్వు నవ్వే, రూలు రూలే. "మీరు బయటికి వెళ్ళండి" అన్నారావిడ, మొహం సర్దుకుని. "తలుపు మూసేయండి. అమ్మా, నా ప్రశ్నలు ఇంకా మొదలే కాలేదు. వాటికి మీరొక్కరే జవాబు చెప్పాలి. మాట రాకపోతే వాయిదా రాస్తాను."

వాయిదా అంటే ఏమిటో ఆ గదిలో ఇద్దరికీ తెలుసు. "బావా" అంది మనోజ్ఞ, తెలుగులో, పిల్లిలా. నోరు అదుపులో పెట్టుకోలేని వెధవని, ఆరేళ్ళ కష్టం నా నోటితో మింగేశాను అని తిట్టుకుంటూ హరికిరణ్ బయటికి నడిచి తలుపు మూశాడు.

గేటు దగ్గర అసిరయ్య రెండు జెండాలూ చంకలో పెట్టుకుని ఉన్నాడు. పెరటి దారిన వరహాలమ్మ కూడా వచ్చేసింది. "ఏట్రా, బయిటికి గెంటేసినారా?"

"నా గొంతు వచ్చేసిందమ్మా."

"ఓరి నీ గొంతు కూలా! పిల్ల ఒక్కర్తే ఏటి సేత్తాదిరా లోపల?"

కిటికీకి సగమే తెర ఉంది. అందులోంచి మనోజ్ఞ వీపు, జడ, కుడి మోచెయ్యి కనిపిస్తున్నాయి. చెయ్యి ఒడిలోనే ఉంది. కదలడం లేదు. గొంతు వినపడటం లేదు. ఒక నిమిషం అయింది. "నోరు తెరిసిందేటి?" అంది వరహాలమ్మ. "నేదు" అన్నాడు అసిరయ్య. రెండో నిమిషం అయింది. చెట్టు కింద జామకాయలవాడికి కూడా విషయం తెలిసిపోయింది, అతనూ మెడ చాచి చూస్తున్నాడు.

"కిటికీ కాడికెల్లి ఏలు సూపించరా. అద్దంలో కనబడతాది దానికి" అంది వరహాలమ్మ, కొడుకు భుజం పట్టుకుని తోస్తూ.

నిజమే, కనబడుతుంది. ఎదురుగోడకి వేలాడే అద్దం సరిగ్గా ఆమె కళ్ళ ముందే ఉంది, కిటికీ అందులో పడుతుంది. వేలెత్తితే చాలు, ఆమె మాట్లాడేస్తుంది, అది అతనికి తన పేరు తెలిసినంత ఖాయంగా తెలుసు. రెండడుగులు వేశాడు. మూడోది పడలేదు. వేలు చూపిస్తే ఈ రోజు గట్టెక్కుతుంది. రేపు ఏ కాలేజీలోనో అరవై మంది ముందు పాఠం చెప్పాల్సినప్పుడు ఈ వేలు ఎక్కడి నుంచి తేవాలి? ఏ గూడ్సు మీద ఏ అడవిలో ఉంటాడో తను! అదీ కాక, ఆరేళ్ళు తిండీ నిద్రా మాని లెక్కలు కట్టింది ఆమె. ఆ చివరి మాట ఆమె ఒక్కదానిదే కావాలి. అతనికి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే వెనక్కి తిరిగాడు. గేటు దాటాడు, రోడ్డు దాటాడు, అవతలి గోడ దాకా పోయి, ఇంటికి వీపు పెట్టి నిలబడ్డాడు.

"ఏట్రా అటెల్లిపోతన్నావు? సెవుడొచ్చిందా నీకు?"

"నేను రానమ్మా" అన్నాడు.

ఎంతసేపు నిలబడ్డాడో అతనికి తెలీదు. గోడ మీద సినిమా పోస్టరు చిరుగులు లెక్కపెట్టాడు, లెక్క తప్పి మళ్ళీ మొదలుపెట్టాడు. ఉన్నట్టుండి వెనకాల అసిరయ్య అరిచాడు, "సెయ్యి లేసింది! ఒరే, పిల్ల సెయ్యి లేసింది!"

హరికిరణ్ తిరగలేదు. తిరగకుండానే ఒళ్ళంతా పులకరించింది. నాలుక చివర ఏదో మాట వచ్చి నిలబడింది కానీ ఏ మాట అనాలో తెలీదు, ఆమె ఏమంటోందో వినపడదుగా. ఆ మాటలేని నాలుకతో గోడ ముందు నిలబడి నవ్వాడు. బంద్ కదా, పనిలేని జనం ఒక్కొక్కరే చేరారు. ఏమైందని అడిగినవాళ్ళకి అసిరయ్య చెప్పాడు, వాళ్ళు ఇంకొకళ్ళకి చెప్పారు. నలభై నిమిషాల్లో క్వార్టర్ల వీధిలో పాతికమంది నిలబడి ఒక కిటికీలో ఒక చెయ్యి ఆడటం చూస్తున్నారు.

తలుపు ధడాలున తెరుచుకుంది.

"ఇచ్చేశారు!" అని అరిచింది మనోజ్ఞ. "అత్తా, ఇచ్చేశారు! డాక్టర్ మనోజ్ఞ అన్నారు!" అని వరహాలమ్మని నడుం పట్టుకుని గిరగిరా తిప్పింది. వరహాలమ్మ "ఒలే, మోకాళ్ళే, నా మోకాళ్ళే" అంటూ తిరిగింది. జామకాయలవాడు ఎవరూ అడక్కుండానే జామకాయలు పంచడం మొదలుపెట్టాడు.

"సివర్న ఏటడిగింది ఆ పెద్దావిడ?" అన్నాడు అసిరయ్య.

"గ్రంథంలో లేనిది అడిగింది మావయ్యా. మార్స్ సరే, మన భూమి సంగతేటి, మన హైడ్రోజన్ ఎందాకా ఉందీ అని." మనోజ్ఞ గేటు ముందున్న సిమెంటు మెట్టు ఎక్కి నిలబడింది. జనం మొహాలు చూసింది. పాతికమంది! ఒక్క క్షణం ఆగింది. ఆ ఒక్క క్షణం, రోడ్డు అవతల ఇటు తిరిగి నిలబడ్డ ఒకడు తన వేలిని గుప్పిట్లో దాచుకున్నాడు. ఆమె మాత్రం చేతిలో సగం కొరికిన జామకాయని పైకెత్తి, సగం తెలుగులో, సగం హిందీలో అందుకుంది. "ఇది భూమి అనుకోండి. గాలి ఎందాకా ఉంటుంది? విమానం ఎగిరేదాకా? అంతకన్నా పైకా? మన హైడ్రోజన్ ఆరు లక్షల కిలోమీటర్ల దాకా ఉంది. పలచగా, చాలా పలచగా, కానీ ఉంది. చంద్రుడు ఎంత దూరం? నాలుగు లక్షలు కూడా లేదు."

జామకాయలవాడు వేళ్ళ మీద లెక్కేసుకున్నాడు.

"తో చాంద్ భీ అందర్ హై?" అన్నాడు, చంద్రుడూ లోపలే ఉన్నాడా అని.

"చాంద్ భీ అందర్ హై, భయ్యా."

"అయితే సెంద్రుడి మీదికెల్లొచ్చినోల్లు మన గాలి దాటనేదేటే?" అంది వరహాలమ్మ, నోరెళ్ళబెట్టి.

"దాటలేదత్తా! ఇప్పటిదాకా ఒక్కరూ దాటలేదు! మనిషన్నవాడు ఎంత దూరం పోయినా ఇంకా ఇంటి గాలిలోనే ఉన్నాడు!"

వీధి వీధంతా గొల్లున నవ్వింది. ఎవరో చప్పట్లు కొట్టారు. ఒక పిల్ల ఆకాశం వైపు చూసింది, దాన్ని చూసి అందరూ చూశారు, పట్టపగలు అక్కడేం కనిపిస్తుందని! ప్రశ్నలు వచ్చిపడ్డాయి. మరి ఆ హైడ్రోజన్ పీలిస్తే ఏమవుతుంది? మన నీళ్ళు కూడా అయిపోతాయా? ఎన్నేళ్ళకి? మనోజ్ఞ ఒక్కొక్కటే అందుకుని జవాబు చెప్తోంది, నవ్విస్తోంది, తెలీనిది తెలీదంటోంది. హరికిరణ్ రోడ్డు దాటి వచ్చి జనం వెనకాల నిలబడ్డాడు. ఆమె కళ్ళు అందరి మీదా తిరుగుతున్నాయి, అతని కోసం మాత్రం ఒక్కసారి కూడా వెతకలేదు. అది అతనికి కాస్త గుచ్చుకుంది. గుచ్చుకున్న చోటే చెప్పలేనంత ఆనందం కూడా పొంగింది, పదకొండేళ్ళ సర్వీసులో ఏ పచ్చ సిగ్నలు చూసినా రానంత ఆనందం.

ఆరు లక్షల కిలోమీటర్ల సంగతి అతను ఏ పేజీలోనూ చూడలేదు. నిజంగానే తెలీదు. తెలుసుకోవాలనిపించింది.

"డాక్టర్ గారూ, నాకో డౌటు" అన్నాడు వెనక నుంచి.

ఆమె అటు చూసింది. కళ్ళ నిండా నీళ్ళు, మొహం నిండా నవ్వు. "వెనకాలున్నోళ్ళు చెయ్యెత్తి అడగాలి" అంది.

హరికిరణ్ చెయ్యెత్తి, తన వంతు కోసం నిలబడ్డాడు.